కారు, లారీ ఢీకొన్న ప్రమాదాలలో వాహన నష్ట విశ్లేషణ

కారు, లారీ ఢీకొన్న ప్రమాదాలలో వాహన నష్ట విశ్లేషణ అనగా ఒక కారు, ఒక భారీ సరకు వాహనం ఢీకొన్న తరువాత వాటిపై మిగిలిన సొట్టలు, చీలికలు, గీతలు, రంగు మరకలు, విరిగిన భాగాలను పరిశీలించి, కొలిచి, ఒకదానితో మరొకదానిని పోల్చి ప్రమాదం జరిగిన తీరును నిర్ధారించే పద్ధతి. రోడ్డు ప్రమాదాల పునర్నిర్మాణ శాస్త్రంలో ఇది ఒక భాగం. లారీ, టిప్పరు, ట్యాంకరు, కంటైనరు, ట్రైలరు మొదలైనవన్నీ ఇక్కడ భారీ వాహనాల కిందికి వస్తాయి.

దాదాపు సమానమైన బరువు గల రెండు కార్లు ఢీకొన్నప్పుడు నష్టం ఇరువైపులా కనిపిస్తుంది. కారు, లారీ ఢీకొన్నప్పుడు అలా ఉండదు. కారు నుజ్జునుజ్జైనా లారీ బంపరుకు చిన్న వంపు మాత్రమే మిగలవచ్చు. కారు ఎక్కువగా నలిగింది కాబట్టి అదే మితిమీరిన వేగంతో వచ్చిందని, లారీకి పెద్దగా దెబ్బ తగలలేదు కాబట్టి దాని తప్పు లేదని చూపరులు భావించడం కద్దు. ఈ రెండు అభిప్రాయాలూ శాస్త్రరీత్యా నిలవవు. నష్టం ఎంత అన్నదాని కంటే అది ఏ ఎత్తున, ఏ దిశలో, దేని ముద్రతో ఏర్పడింది అన్నదే ముఖ్యం. క్రిమినల్ కేసు, బీమా సొమ్ము, మృతుల కుటుంబాలకు రావలసిన నష్టపరిహారం చాలావరకు ఈ నిర్ధారణపై ఆధారపడి ఉంటాయి.

## నేపథ్యం

తెలంగాణ రాష్ట్రంలోని సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు మెదక్ జిల్లా నుండి ఏర్పడింది. ఈ జిల్లాలోని పటాన్‌చెరు, రామచంద్రాపురం, బొల్లారం, పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం ప్రాంతాలు హైదరాబాదు నగరానికి పశ్చిమాన గల ప్రధాన పారిశ్రామిక ప్రాంతం. మందులు, రసాయనాలు, ఇనుము, యంత్ర పరికరాల పరిశ్రమలకు ఇది నెలవు. పుణె - హైదరాబాదు - మచిలీపట్నం జాతీయ రహదారి 65 దీని మధ్యగా పోతుంది. పూర్వం దీనిని జాతీయ రహదారి 9 అనేవారు. నాందేడ్, అకోలాల వైపు వెళ్ళే జాతీయ రహదారి 161 సంగారెడ్డి సమీపంలో దీని నుండి విడిపోతుంది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున నిర్మించిన ఎనిమిది వరుసల ఔటర్ రింగ్ రోడ్డు ముత్తంగి వద్ద ఈ రహదారిని దాటుతుంది.

కర్మాగారాలకు ముడిసరకు తెచ్చే లారీలు, రసాయనాల ట్యాంకర్లు, లక్డారం వైపు క్వారీల నుండి కంకర తెచ్చే టిప్పర్లు, ఉద్యోగులను చేరవేసే కార్లు, బస్సులు, రెండు చక్రాల వాహనాలు ఒకే రోడ్డును పంచుకుంటాయి. ఫ్యాక్టరీ గేటు తెరిచే వేళ కోసమో, కాటా వద్ద వంతు కోసమో, ధాబాలో భోజనం కోసమో లారీలు రోడ్డు అంచున ఆగి ఉండడం పారిశ్రామిక ప్రాంతాలలో సాధారణ దృశ్యం. అందువలన కారు వెనుక నుండి వచ్చి లారీని గుద్దుకొనే ప్రమాదాలను అర్థం చేసుకోవడం ఇటువంటి ప్రాంతాలలో ప్రత్యేకంగా అవసరం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు.

## బరువు తేడా

రెండు వస్తువులు ఢీకొన్నప్పుడు వాటి మధ్య పనిచేసే బలాలు సమానంగా, వ్యతిరేక దిశలలో ఉంటాయని న్యూటన్ మూడవ నియమం చెబుతుంది. అంటే కారు లారీని ఎంత బలంతో నెడుతుందో లారీ కారును అంతే బలంతో నెడుతుంది. కాని ఆ బలం వలన కలిగే వేగపు మార్పు బరువును బట్టి ఉంటుంది. ఢీకొన్న క్షణంలో ఒక వాహనం వేగంలో కలిగే ఈ మార్పును నిపుణులు డెల్టా-వి అంటారు. లోపలివారికి కలిగే గాయాల తీవ్రతకు స్పీడోమీటరు చూపిన వేగం కంటే ఇదే సరియైన కొలత.

ఉదాహరణకు 1 టన్ను బరువు గల కారు, సరకుతో కలిపి 25 టన్నుల బరువు గల లారీ ఢీకొని, ఆపై రెండూ కలిసి కదిలాయని అనుకొందాము. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం ఫలితాలు ఇలా ఉంటాయి.

* ఆగి ఉన్న లారీని కారు గంటకు 90 కి.మీ. వేగంతో గుద్దితే: కారు వేగంలో మార్పు సుమారు 86.5 కి.మీ., లారీ వేగంలో మార్పు 3.5 కి.మీ. వాహనాలను నలిపే శక్తి సుమారు 3 లక్షల జౌళ్ళు.
* గంటకు 40 కి.మీ. వేగంతో ముందు పోతున్న లారీని కారు 90 కి.మీ. వేగంతో గుద్దితే: కారు వేగంలో మార్పు సుమారు 48 కి.మీ., లారీది 2 కి.మీ. నలిపే శక్తి సుమారు 93 వేల జౌళ్ళు.
* రెండూ చెరి 50 కి.మీ. వేగంతో ఎదురెదురుగా గుద్దుకొంటే: కారు వేగంలో మార్పు సుమారు 96 కి.మీ., లారీది 4 కి.మీ. నలిపే శక్తి సుమారు 3.7 లక్షల జౌళ్ళు. కారు ముందుకు పోతున్నది కాస్తా గంటకు 46 కి.మీ. వేగంతో వెనుకకు నెట్టబడుతుంది.

ఈ లెక్కల నుండి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, కారు వేగం ఒకటే అయినప్పటికీ లారీ ఆగి ఉందా, కదులుతున్నదా అన్నదానిని బట్టి నష్టం మూడు రెట్లకు పైగా మారుతుంది. కాబట్టి కారు నష్టాన్ని మాత్రమే చూసి కారు వేగాన్ని చెప్పడం సాధ్యం కాదు. రెండవది, మూడు సందర్భాలలోనూ లారీ వేగంలో మార్పు 4 కి.మీ.ను మించలేదు. లారీ డ్రైవరుకు అది ఒక కుదుపుగా మాత్రమే తోచవచ్చు. లారీపై నష్టం లేకపోవడం ఎవరి నిర్దోషిత్వానికీ సాక్ష్యం కాదు.

## ఎత్తు తేడా

బరువుతో పాటు ఎత్తు కూడా ముఖ్యమైన అంశం. సాధారణ కారు బంపరు నేల నుండి సుమారు 40 నుండి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కారు ముందు భాగంలోని రెండు ఉక్కు దూలాలు ఇంచుమించు ఈ ఎత్తులోనే ఉండి, గుద్దుకొన్నప్పుడు మడతలు పడుతూ శక్తిని పీల్చుకొంటాయి. లారీ వెనుక సరకు వేదిక సాధారణంగా ఒక మీటరు లేదా అంతకు మించిన ఎత్తులో ఉంటుంది. వెనుక గట్టి అడ్డుకడ్డీ లేనిచో కారు బంపరు, దూలాలు దేనినీ తాకకుండా లారీ కిందికి దూరిపోతాయి. లారీ అంచు నేరుగా బానెట్ పైభాగాన్ని, ముందు అద్దాన్ని, పైకప్పును మోసే స్తంభాలను తాకుతుంది. దీనిని అండర్‌రన్ అంటారు.

అండర్‌రన్ జరిగిన కారును గుర్తించడం కష్టం కాదు. బంపరు, రేడియేటరు కింది భాగం కొంతవరకు బాగానే ఉండి, బానెట్ వెనుకకు ముడుచుకుపోయి, ముందు అద్దం చట్రం లోపలికి వంగి, పైకప్పు డబ్బా మూతవలె వెనుకకు ఒలిచినట్లు ఉంటుంది. చక్రాలు యథాతథంగా ఉన్నా ప్రయాణికులు కూర్చునే చోటు మిగలదు. దూలాలు నలగనందువలన ఎయిర్‌బ్యాగులకు సంకేతమిచ్చే పరికరాలు ఆలస్యంగా స్పందించవచ్చు, ఒక్కొక్కసారి స్పందించకపోవచ్చు. కాబట్టి ఎయిర్‌బ్యాగు తెరుచుకోనంత మాత్రాన ప్రమాదం స్వల్ప వేగంతో జరిగిందని గాని, ఎయిర్‌బ్యాగు చెడిపోయి ఉందని గాని వెంటనే నిర్ణయించరాదు.

భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు 1న మొదలయ్యాయి. వీటిలో కారును గంటకు 64 కి.మీ. వేగంతో నలిగే స్వభావం గల అడ్డుకు ఒక ప్రక్కగా గుద్దిస్తారు. ఆ అడ్డు ఎదురుగా వచ్చే మరొక కారు ముందు భాగాన్ని పోలినది. ఈ పరీక్షలో వచ్చిన నక్షత్రాలు లారీ కిందికి దూరిన సందర్భానికి వర్తించవు.

## ఢీకొన్న తీరు - గుర్తులు

'''వెనుక నుండి గుద్దుట:''' కారు ముందు భాగంపై లారీ వెనుక భాగపు ముద్రలు ఉంటాయి. లారీ వెనుక దూలం, కొక్కెం, నంబరు పలక, వెనుక దీపపు చట్రం వంటివి కారు రేకుపై తమ ఆకారాన్ని విడిచిపెడతాయి. లారీ పూర్తి వెడల్పుకు కాక ఒక మూలకు మాత్రమే తగిలితే, చివరి క్షణంలో డ్రైవరు తప్పించబోయి ఉండవచ్చునని, లేదా లారీ కొంత భాగం మాత్రమే రోడ్డుపై ఉండవచ్చునని ఊహించవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో రోడ్డుపై టైరు గుర్తులు తేల్చాలి.

'''ఎదురెదురుగా గుద్దుకొనుట:''' కారు వెనుకకు నెట్టబడినందువలన రోడ్డుపై గీతలు, గుంటలు ఏర్పడతాయి. కారు అడుగు భాగం నేలను గీరిన మొదటి గుంట సాధారణంగా ఢీకొన్న స్థలానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఎవరు ఎవరి వరుసలోకి వచ్చారనే ప్రశ్నకు వాహనాలు చివరకు ఆగిన చోటు కంటే ఈ గుంటే మంచి సాక్షి.

'''ప్రక్కగా రాసుకొనుట:''' తలుపులపై పొడవైన గీతలు పడతాయి. గీతల మొదలు, తుది, పెయింటు పొరలు లేచిన దిశను బట్టి ఏ వాహనం ఎక్కువ వేగంతో పోతున్నదో తెలుసుకోవచ్చు. తిరుగుతున్న లారీ చక్రం తగిలితే కారు తలుపుపై నల్లని వంపు గీతలు, చక్రపు నట్ల గుండ్రని గాట్లు కనిపిస్తాయి. ఆగి ఉన్న చక్రం వంపు గీతలు వేయదు. లారీ కదులుతున్నదా అనే వివాదానికి ఇది విలువైన ఆధారం.

'''లారీ మలుపు తిరుగునప్పుడు:''' పొడవైన వాహనం మలుపు తిరిగినప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారికంటే లోపలి వైపుగా వస్తాయి. ప్రక్కన ఉన్న కారు ఆ మధ్యలో చిక్కుకొని నలుగుతుంది. ఫ్యాక్టరీ గేట్ల వద్ద, సర్వీసు రోడ్డు మలుపులలో దీనికి అవకాశం ఎక్కువ.

'''సరకు పడుట:''' కొన్ని ప్రమాదాలలో వాహనం తాకిడి కంటే దానిలోని సరకు ఎక్కువ హాని చేస్తుంది. 2025 నవంబరు 3న రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొన్నప్పుడు కంకర బస్సులోని ప్రయాణికులపై పడింది. ఆ ప్రమాదంలో 19 మంది మరణించారు.

## పరిశీలన విధానం

పరిశీలకుడు మొదట నష్టాన్ని మూడు రకాలుగా విడదీస్తాడు. మొదటిది నేరుగా తాకినందువలన కలిగిన నష్టం. ఇక్కడ గీతలు, రంగు మరకలు, ముద్రలు ఉంటాయి. రెండవది తాకకపోయినా బలం ప్రాకినందువలన కలిగిన నష్టం. ముందు గుద్దిన కారులో వెనుక తలుపు బిగుసుకుపోవడం, పైకప్పు మడత పడడం దీనికి ఉదాహరణలు. మూడవది ప్రమాదం తరువాత కలిగిన నష్టం. లోపల చిక్కుకొన్నవారిని బయటకు తీయడానికి తలుపులు కోయడం, క్రేనుతో లాగడం, తీగలు తెంచడం ఈ రకానికి చెందినవి. మూడవ రకాన్ని మొదటి రకంగా పొరబడితే విశ్లేషణ మొత్తం తారుమారు అవుతుంది.

తరువాత నేల నుండి ప్రతి ముఖ్యమైన గుర్తు ఎత్తును రెండు వాహనాలపైనా కొలుస్తారు. కారు బానెట్‌పై 95 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న గాటుకు లారీపై దాదాపు అదే ఎత్తున జోడీ గుర్తు దొరకాలి. బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు కిందికి వంగుతుంది. సరకు ఎక్కువైనప్పుడు లారీ పట్టీలు కుంగి వెనుక భాగం దిగుతుంది. అందువలన కొద్ది సెంటీమీటర్ల తేడా సహజం. ఆ తేడాయే కారు బ్రేకు వేసిందనడానికి సూచన కావచ్చు. జోడీ గుర్తు అసలు దొరకకపోతే ఢీకొన్న వాహనం వేరొకటి అయి ఉండవచ్చు. గుద్ది ఆగకుండా పోయిన వాహనాన్ని గుర్తించడంలో ఈ పద్ధతి, రంగు పొరల రసాయన పరీక్ష ఎంతో ఉపయోగపడతాయి.

నష్టాన్ని క్లుప్తంగా నమోదు చేయడానికి అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం జె 224 అనే ఏడు అక్షరాల సంకేతాన్ని రూపొందించింది. ఇందులో బలం వచ్చిన దిశను గడియారపు ముల్లు వలె సూచిస్తారు. ఎదురుగా వస్తే 12, కుడి ప్రక్క నుండి వస్తే 3, వెనుక నుండి వస్తే 6. ఆపై దెబ్బ తగిలిన భాగం, దాని వెడల్పు, ఎత్తు, రకం, లోతు వరుసగా వ్రాస్తారు. పైనుండి వ్రేలాడే కట్టడం కిందికి దూరిన నష్టానికి ఇందులో ప్రత్యేక అక్షరం ఉన్నది.

## నలుగుడు నుండి వేగం

కారు ఎంత లోతుకు నలిగిందో కొలిచి అందుకు ఖర్చయిన శక్తిని, దాని నుండి వేగాన్ని లెక్కించే పద్ధతి 1970లలో అభివృద్ధి చెందింది. ముందు భాగపు నలుగుడు లోతుకు, ఢీకొన్న వేగానికి సరళరేఖ సంబంధం ఉన్నదని జనరల్ మోటార్స్‌కు చెందిన కాంప్‌బెల్ 1974లో చూపించాడు. ఈ పద్ధతిలో నలిగిన వెడల్పును సమాన దూరాలలో ఆరు చోట్ల కొలిచి, ఆ రకం కారు గట్టిదనపు విలువలతో లెక్క కడతారు.

లారీ ప్రమాదాలలో ఈ పద్ధతిని యథాతథంగా వాడడం ప్రమాదకరం. గట్టిదనపు విలువలు కారును బంపరు ఎత్తులో గోడకు గుద్దించిన పరీక్షల నుండి వచ్చినవి. అండర్‌రన్‌లో నలిగేది బానెట్ పైభాగం, అద్దపు చట్రం వంటి మెత్తని భాగాలు. తక్కువ శక్తికే అవి లోతుగా నలుగుతాయి. బంపరు స్థాయి విలువలను వాటికి అన్వయిస్తే వేగం నిజమైనదాని కంటే ఎక్కువగా వస్తుంది. బ్రతికి లేని కారు డ్రైవరుపై లేని అతివేగపు నింద పడడానికి ఇదొక మార్గం.

## దీపాలు, టైర్లు, సీటు బెల్టులు

ఆగి ఉన్న లారీ వెనుక దీపాలు వెలుగుతున్నాయా లేదా అనేది ఇటువంటి కేసులలో కీలకమైన ప్రశ్న. పాత రకం బల్బులో టంగ్‌స్టన్ తీగ వెలుగుతున్నప్పుడు వేడిగా, మెత్తగా ఉంటుంది. ఆ స్థితిలో గట్టి కుదుపు తగిలితే తీగ సాగి వంకర తిరుగుతుంది. వెలుగుతున్న బల్బు గాజు పగిలితే గాలి తగిలి తీగపై తెల్లని లేదా పసుపు రంగు బూడిద ఏర్పడుతుంది. చల్లగా ఉన్న తీగ సాగదు, పుటుక్కున తెగవచ్చు. లారీ వేగంలో మార్పు స్వల్పం కాబట్టి దెబ్బ తగిలిన చోటికి దగ్గరగా ఉన్న దీపానికే ఈ పరీక్ష పనికివస్తుంది. ఎల్ఈడీ దీపాలకు తీగ లేనందువలన వాటికి ఇది వర్తించదు. పగిలిన వెనుక దీపాన్ని తీసి పారవేసి కొత్తది బిగిస్తే ఈ సాక్ష్యం శాశ్వతంగా పోతుంది.

టైరు పేలి ప్రమాదం జరిగిందా, ప్రమాదం వలన టైరు పగిలిందా అనేది మరొక ప్రశ్న. గాలి తగ్గిన టైరు కొంత దూరం పరుగెత్తి ఉంటే దాని ప్రక్క గోడ లోపలి వైపు అంతటా రాపిడి గుర్తులు, రబ్బరు పొడి ఉంటాయి. ఢీకొన్నప్పుడు కోసుకుపోయిన టైరుకు ఒకే చోట గాటు ఉండి, దానికి ఎదురుగా రిమ్ము వంగి ఉంటుంది.

సీటు బెల్టు ధరించినవారి బరువు పడినప్పుడు పట్టీపై, భుజం వద్ద గల కొక్కెంపై ఒరిపిడి గుర్తులు ఏర్పడతాయి. ముందు అద్దంపై సాలెగూడు వంటి పగులు, అందులో చిక్కిన వెంట్రుకలు బెల్టు లేదని సూచిస్తాయి. నిలిచిపోయిన స్పీడోమీటరు ముల్లును మాత్రం ప్రమాద వేగానికి రుజువుగా తీసుకోరాదు. విద్యుత్తు తెగినప్పుడు, కుదుపు తగిలినప్పుడు ముల్లు ఎక్కడైనా ఆగవచ్చు.

ఎయిర్‌బ్యాగు నియంత్రణ పెట్టెలో సమాచారం భద్రపరిచే ఏర్పాటు గల కార్లలో, ఢీకొనడానికి ముందు కొన్ని సెకన్ల వేగం, బ్రేకు వాడకం నమోదై ఉంటాయి. లారీకి అమర్చిన జీపీఎస్ పరికరం, టోల్ గేటు వద్ద ఫాస్టాగ్ సమయాలు, కాటా చీటీ, ఫ్యాక్టరీ గేటు కెమెరాలు కూడా ఆధారాలే. వీటిని వాహనంపై ఉన్న గుర్తులతో సరిపోల్చి చూడాలి.

## చట్టం, నష్టపరిహారం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 136వ సెక్షను ప్రమాదానికి గురైన వాహనాన్ని తనిఖీ చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారికి ఇస్తుంది. ఆచరణలో మోటారు వాహన తనిఖీ అధికారి వాహనాన్ని చూసి, బ్రేకులు, స్టీరింగు, టైర్ల స్థితిని వ్రాసి, ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అని నివేదిక ఇస్తాడు. ఇతరులకు ప్రమాదం కలిగే విధంగా వాహనాన్ని రోడ్డుపై వదలరాదని 122వ సెక్షను చెబుతుంది. నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను వర్తిస్తుంది. అంతకు ముందు భారత శిక్షాస్మృతి 304-ఎ సెక్షను ఉండేది.

నష్టపరిహారాన్ని 166వ సెక్షను కింద మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది. క్రిమినల్ కోర్టులో వలె సందేహాతీతమైన రుజువు ఇక్కడ అవసరం లేదు. సంభావ్యత ఎటు మొగ్గుతుందో చూస్తే చాలు. మృతుడైన కారు డ్రైవరుకు కూడా తప్పులో వాటా ఉన్నదని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. ఉదాహరణకు 20 లక్షల రూపాయలుగా లెక్క తేలిన పరిహారంలో సగం తప్పు అతనిదని నిర్ణయిస్తే కుటుంబానికి 10 లక్షలే వస్తాయి. కారులోని ఇతర ప్రయాణికుల విషయం వేరు. వారి తప్పు ఏమీ లేనందువలన రెండు వాహనాలలో ఏ పక్షం నుండైనా పూర్తి మొత్తం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2015లో తీర్పు ఇచ్చింది.

2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ఈ విషయంలో చదవదగినవి. ఫిబ్రవరి తీర్పులో, రాత్రివేళ రోడ్డు మధ్యలో దీపాలు, సూచికలు లేకుండా ఆపిన గ్యాస్ ట్యాంకరును ఒక వ్యాను గుద్దింది. వ్యాను డ్రైవరుకు తప్పులో సగం వాటా అన్న హైకోర్టు నిర్ణయాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఏప్రిల్ తీర్పులో, కదులుతున్న లారీ వెనుక 10 - 15 అడుగుల దూరంలోనే పోతున్న కారు దానిని గుద్దింది. ముందు వాహనానికి తగినంత దూరం పాటించాలన్న నిబంధనను ఎత్తి చూపుతూ కారు డ్రైవరుదే తప్పని కోర్టు నిర్ణయించింది. రెండు సందర్భాలలోనూ కారు నలిగింది ముందు వైపే. తీర్పులను వేరుచేసినది లారీ ఆగి ఉందా, దీపాలు ఉన్నాయా, ఎంత దూరం ఉన్నది అన్న వివరాలే. వాహనాలపై గుర్తులు చెప్పగలిగినవి కూడా ముఖ్యంగా ఇవే.

## బీమా సర్వే

బీమా సంస్థ నియమించిన లైసెన్సు గల సర్వేయరు మరమ్మతు ఖర్చును అంచనా వేస్తాడు. అతని పని ప్రధానంగా విలువ కట్టడం. ప్రమాద కారణాన్ని నిర్ధారించడం వేరే పని అయినప్పటికీ, చెప్పిన కథకు కనిపించే నష్టానికి పొంతన ఉందో లేదో అతడు చూస్తాడు. సాధారణ పాలసీలలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం తరుగుదల తీసివేస్తారు. గాజుకు తరుగుదల లేదు. లోహపు భాగాలకు కారు వయస్సును బట్టి తరుగుదల 50 శాతం వరకు ఉంటుంది. మరమ్మతు ఖర్చు బీమా చేసిన ప్రకటిత విలువలో 75 శాతం మించితే వాహనాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. అండర్‌రన్‌కు గురైన కార్లలో పైకప్పు స్తంభాలు దెబ్బతింటాయి కాబట్టి ఇంజను బాగున్నా అవి తరచు పూర్తి నష్టంగా తేలుతాయి.

పూర్తి నష్టంగా తేలిన కారు తుక్కు వ్యాపారికి చేరితే సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. పోలీసు స్టేషను ఆవరణలో ఎండకు, వానకు ఉన్న వాహనంపై కొద్ది వారాలలోనే తుప్పు పట్టి, తాజా గీతలకు పాత గీతలకు తేడా తెలియకుండా పోతుంది. అందువలన ట్రిబ్యునల్‌కు వెళ్ళదలచిన కుటుంబం, వాహనాన్ని తరలించక ముందే నాలుగు వైపుల నుండి కొలబద్దతో సహా ఫొటోలు తీయించడం, లారీ వెనుక భాగాన్ని, దీపాలను, రేడియం స్టిక్కర్లను కూడా ఫొటోలు తీయించడం, తనిఖీ అధికారి నివేదిక నకలు తీసుకోవడం అవసరం.

## కొన్ని ప్రమాదాలు

* 1967 జూన్ 29న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ సమీపంలో సినీ నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ ప్రయాణిస్తున్న కారు ఒక ట్రైలరు వెనుక భాగం కిందికి దూసుకుపోయింది. ఆమె మరణించింది. ట్రైలర్ల వెనుక ఉండే అడ్డుకడ్డీని ఆ దేశంలో ఆమె పేరుతోనే మాన్స్‌ఫీల్డ్ బార్ అంటారు.
* 2017 జూన్ 24 రాత్రి సినీ నటుడు రవితేజ సోదరుడు భరత్ నడుపుతున్న కారు శంషాబాదు సమీపంలోని కొత్వాల్‌గూడ వద్ద ఔటర్ రింగ్ రోడ్డుపై ఆగి ఉన్న లారీని వెనుక నుండి గుద్దింది. భరత్ మరణించాడు.
* 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున పటాన్‌చెరు సమీపంలో ఔటర్ రింగ్ రోడ్డుపై జరిగిన కారు ప్రమాదంలో సికిందరాబాదు కంటోన్మెంట్ శాసనసభ్యురాలు లాస్య నందిత మరణించింది. కారు రోడ్డు ప్రక్కన గల లోహపు రెయిలింగును ఢీకొన్నదని తొలి వార్తలు చెప్పాయి. దానికి ముందు మరొక వాహనాన్ని ఢీకొన్నదా అనే కోణంలో కూడా పోలీసులు దర్యాప్తు సాగించారు. ఇటువంటి జంట తాకిడులలో నష్టపు ఎత్తు ముఖ్యమైన ఆధారం. రెయిలింగు పొడవునా ఒకే ఎత్తున గీత వేస్తుంది. లారీ అంచు బానెట్‌ను పైనుండి వెనుకకు నెడుతుంది.

## నివారణ

అమెరికాలో ట్రైలర్ల వెనుక అడ్డుకడ్డీ ఉండాలన్న నిబంధన 1953 నుండి ఉన్నది. అయితే అప్పుడు కడ్డీ నేల నుండి 30 అంగుళాల ఎత్తు వరకు ఉండవచ్చు. 1998 నుండి అమలైన నిబంధన దానిని 22 అంగుళాలకు తగ్గించి, బలాన్ని కూడా నిర్దేశించింది. భారతదేశంలో వెనుక అడ్డుకడ్డీకి ఐఎస్ 14812, ప్రక్క రక్షణకు ఐఎస్ 14682 ప్రమాణాలు ఉన్నవి.

కడ్డీ ఉన్నంత మాత్రాన సరిపోదు. పలుచని గొట్టంతో చేసినది, తుప్పు పట్టినది, సరకు దింపడానికి వీలుగా పైకి వంచినది తాకిడికి నిలవదు. విశ్లేషకుడు కడ్డీ ఎక్కడ విరిగిందో చూడాలి. మధ్యలో వంగితే అది కొంత శక్తిని పీల్చుకొన్నట్లు. ఛాసిస్‌కు అతికిన చోట వెల్డింగు ఊడిపోతే అది తన పని చేయనట్లు. ఈ ఒక్క వివరం లారీ యజమాని బాధ్యతను నిర్ణయించగలదు.

చెడిపోయిన లారీ వెనుక రాళ్ళు, చెట్టు కొమ్మలు పెట్టడం మన రోడ్లపై వాడుక. గంటకు 90 కి.మీ. వేగంతో వచ్చే కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకుపై కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పట్టినా అప్పటికే 37 మీటర్లకు పైగా గడిచిపోతుంది. దీపపు వెలుగులో దూరం నుండి మెరిసే త్రికోణం, శుభ్రంగా తుడిచిన రేడియం స్టిక్కర్లు, వెలిగే ఇండికేటర్లు మాత్రమే ఆ దూరాన్ని ఇవ్వగలవు. కొమ్మలు, రాళ్ళు ఇవ్వలేవు.

## ఇవి కూడా చూడండి

* జాతీయ రహదారి 65
* ఔటర్ రింగ్ రోడ్డు, హైదరాబాదు
* పటాన్‌చెరు
* మోటారు వాహనాల చట్టం, 1988
* ద్రవ్యవేగ నిత్యత్వ నియమం